కుచ్చిళ్ళ మామ

మొన్నటిదాకా మా అంగడిలో ఒక ప్లాస్టర్ బొమ్మ ఉండేది. ఆడబొమ్మ. ముక్కు కొస కాస్త చిట్లింది, ఎడమచేతి బొటనవేలు ఎప్పుడో ఊడిపోయింది. కోలారు బంగారు గనుల పక్కన రాబర్ట్‌సన్‌పేట బజారులో మాది తాతల నాటి బట్టల అంగడి. ఆ బొమ్మను బెంగుళూరు నుంచి తెప్పించింది నేనే. పోయిన నెల దాన్ని అటక మీదికి ఎక్కిస్తుంటే నాకు నవ్వొచ్చింది. మా మామ బతికుంటే దాన్ని ఊరికే పంపేవాడు కాదు.

"పోయిరామ్మా. ఇన్నేండ్లు బాగా నిలబడినావు. కూచోమని ఒక్కరన్నా అన్లేదు నిన్ను" అని ఉండేవాడు.

ఆయన మా అమ్మకు తమ్ముడు. నాకంటే కొన్నేళ్ళు పెద్ద. చీరల కౌంటరు ఆయనది. కౌంటరు అంటే బల్ల కాదు, తెల్లటి పరుపు. దాని మీద కొనేవాళ్ళు ఒకవైపు, ఆయన ఒకవైపు కూర్చునేవారు. బంగారం తీసేశాక గనివాళ్ళు పోసిన సైనైడ్ మట్టిదిబ్బల మీది దుమ్ము గాలికి ఎగిరి అంగడిలోకి వస్తుందని పొద్దున్నే అరలన్నీ గుడ్డతో తుడిచేవాడు. తర్వాత చేతులకు పౌడరు రాసుకునేవాడు. పట్టుకు చెమట అంటకూడదని చెప్పేవాడు. పౌడరు రాసుకున్న ఆ చేతులతో మొదటి చీర మడత విప్పినప్పుడు, ఆయన ఆ రోజుకు తయారైనట్టు లెక్క.

చీరలమ్మే మగవాళ్ళు చీరను తమ ఒంటి మీదే వేసి చూపడం మా వృత్తిలో మామూలే. చాలామంది పమిట భుజాన వేసుకుని ఊరుకుంటారు. మా మామకు అది చాలదు. లేచి నిలబడి, ప్యాంటు బెల్టులోకి కుచ్చిళ్ళు దోపుకుని, పమిట సవరించుకుని, అద్దం ముందు నాలుగడుగులు నడిచేవాడు. ఆ నడక ఆయనది కాదు, చీర కొనడానికి వచ్చినామెది. వచ్చింది పంతులమ్మ అయితే నల్లబల్ల ముందు నిలబడినట్టు నిలబడేవాడు. పెళ్ళికూతురి తల్లి అయితే మంటపం వాకిట్లో చుట్టాలను పలకరిస్తున్నట్టు చేతులు జోడించేవాడు.

"ఇట్ల నిలబడండమ్మా. మీ వియ్యపురాలికి ఆ రోజంతా అన్నం దిగదు" అనేవాడు.

ఆడవాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. ఆ నవ్వు బజారు మలుపు దాకా వినిపించేది. ఎవరూ ఆయనను వెక్కిరించి నవ్వేవాళ్ళు కాదు. ఆ చీరలో తమను తాము చూసుకుని నవ్వేవాళ్ళు.

నప్పని రంగు మాత్రం అడిగినా ఇచ్చేవాడు కాదు. మా నాయన గల్లా దగ్గర కూర్చుని పళ్ళు కొరుక్కునేవాడు. మామ లెక్కచేసేవాడు కాదు. "ఇది మీకొద్దమ్మా. చీర బాగుండాది, మీరూ బాగుండారు. ఇద్దరూ కలిస్తే బాగుండరు. కొందరు మొగుడూపెండ్లాలు లేరా అట్ల?" అని చీర మడిచేసేవాడు.

చాంపియన్ రీఫ్స్ గనిలో మనుషులను లోపలికి దించి పైకి లాగే యంత్రం నడిపే ఒకాయన ఒకరోజు తల్లికి చీర కొనడానికి వచ్చాడు. తమిళ మనిషి, పొడుగ్గా ఉండేవాడు, మాట తక్కువ. మామ తీసి చూపిన ప్రతి చీరకూ తల ఊపాడు. తర్వాతి నెలా వచ్చాడు. దాని తర్వాతి నెలా వచ్చాడు. "ఆయప్ప అమ్మకు బీరువా చాల్తుందో లేదో" అని మా నాయన ఆశ్చర్యపోయాడు. సాయంత్రాలు మామ సైకిలు చాంపియన్ రీఫ్స్ వైపు పోవడం మొదలైంది. గని కార్మికుల ఇండ్ల వరుసల్లో ఒక ఇంటి ముందు ఆ సైకిలు నిలబడి ఉండేదని అందరికీ తెలుసు. తెలిసినట్టు ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు.

మాట్లాడక తప్పనిది పెళ్ళి దగ్గర. అక్క కూతుర్ని తమ్ముడికి ఇవ్వడం మా ఇండ్లలో వాడుక. మా చెల్లెలిని మామకే ఇవ్వాలని అమ్మ అది పుట్టిన రోజే అనుకుంది. ఆ సంగతి ఎత్తిన రోజు మామ అంగడిలోనే, చీర మడుస్తూనే జవాబు చెప్పాడు.

"పాపకు పెండ్లిచీర నేనే ఎంచి ఇస్తానక్కా. తాళి మాత్రం కట్టలేను. ఆడవాళ్ళ మీద నాకు ఆ మనసు పుట్టలేదు. నా మనసు యాడుండాదో నీకు తెలుసు."

అమ్మ అన్నం మానేసింది. నేను అప్పుడే బీకాం ముగించి గల్లా దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాను. ఇంట్లో చదువుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి, దీనికి పరిష్కారం కనిపెట్టడం నా పని అనుకున్నాను.

ముందు నేను కనిపెట్టిన కారణం ఇది: పొద్దున లేచింది మొదలు చీరలు చుట్టుకుని చుట్టుకుని మామ ఇలా అయ్యాడు. ఈ మాట ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది. అప్పుడు మాత్రం గొప్ప శాస్త్రం లాగా అనిపించింది. ఆయనను ప్యాంట్లు, షర్టుల బట్టల వైపు మార్చాను. చీరలు కట్టి చూపడానికి బొమ్మను తెప్పించాను. ఇకనుంచి మా అంగడిలో ఏ మగవాడూ చీర ఒంటి మీద వేసుకోకూడదని అందరి ముందూ చెప్పాను.

మామ నన్ను ఎగాదిగా చూశాడు. "చీర కట్టి కట్టి ఇట్లయినానంటావు. మరి మీ నాయన నా కంటే ముందు నుంచీ భుజాన చీరలేసుకోని అమ్మినాడే? నువ్వెట్ల పుట్టినావు అల్లుడా?"

నాయనకు దగ్గు వచ్చింది.

మరునాడు పొద్దున మామ బొమ్మ ముందు ఆగి పలకరించాడు. "ఏమ్మా, నా పని నీకిచ్చినారంట. కాళ్ళు నొప్పి పుడితే చెప్పు, నేనుండాను." అప్పటినుంచి రోజూ దానికి ఏదో ఒకటి చెప్పేవాడు. మేం దానికి కట్టిన చీర ఆయనకు నచ్చేది కాదు. మేమందరం భోజనాలకు పోయి వచ్చేసరికి దాని కుచ్చిళ్ళు సరిగ్గా కూర్చుని ఉండేవి.

ఒకసారి గౌనిపల్లి నుంచి పెళ్ళివారు వచ్చారు. పెళ్ళికూతురి తల్లి బొమ్మను చూసి, మమ్మల్ని చూసి, "యాడప్పా ఆయన?" అంది. ప్యాంట్ల దగ్గర ఉన్నాడన్నాను. ఆమె ఇంకేం అడగలేదు. పట్టుచీరలన్నీ చంకన పెట్టుకుని ప్యాంట్ల వైపు నడిచింది. వెనకాలే చుట్టాలందరూ వెళ్ళారు. ప్యాంటు బట్టల మధ్య చీరలు పరిచి కూర్చున్నారు. నేను చూస్తున్నానని మామ చీర ముట్టుకోలేదు. ఆమె ఏ చీర ఎత్తినా కనుబొమలతోనే అవుననీ కాదనీ చెప్పాడు. అలవాటు మాత్రం ఎక్కడికి పోతుంది? మరోరోజు ఒక బ్యాంకు ఉద్యోగికి బూడిదరంగు ప్యాంటు బట్ట చూపిస్తూ, దాన్ని విప్పి భుజాన పమిటలాగా వేసేసుకున్నాడు. ఆ ఉద్యోగి ముందు బిత్తరపోయి, తర్వాత నవ్వి, రెండు ప్యాంట్లకు కొన్నాడు.

ఇంత జరిగినా నాకు బుద్ధి రాలేదు. తాయెత్తులూ మంత్రాలూ వద్దన్నాను. డాక్టరు దగ్గరికి పోదామన్నాను. అప్పట్లో అదే నా దృష్టిలో నాగరికత. ఇలాంటివాళ్ళను మార్చే డాక్టరు ఒకాయన బెంగుళూరులో ఉన్నాడని ఎవరో చెప్పారు. మామను ఒప్పించమని అమ్మతో అన్నాను. అమ్మ అప్పటికి ఒప్పించేంత బలంతో లేదు, మంచం పట్టింది. ఆమెను చూసి మామే, "సరే పోదాం పద" అన్నాడు.

మారికుప్పం నుంచి వచ్చే రైలుబండిలో పోయేవాళ్ళం. బెంగుళూరుకు పనులకు పోయేవాళ్ళతో కిక్కిరిసి ఉండేది. మామ దారిపొడవునా ఆడవాళ్ళ చీరల మీద నా చెవిలో వ్యాఖ్యానం చేసేవాడు. "ఆ పచ్చచీరామెకు అమ్మినోడెవడో వానికి కండ్లు లేవు అల్లుడా. నీ డాక్టరు కాడికి వాణ్ణి తోలుకపోదాం."

మొదటిసారి పోయినప్పుడు డాక్టరు ఒక కాగితం ముందుకు తోశాడు. నా ఇష్టంతోనే ఈ చికిత్స తీసుకుంటున్నాను అని అందులో ఉంది. మామకు పెన్ను లేదు. నా జేబులోది తీసి ఇచ్చాను. సంతకం పెట్టి, కుర్చీలో వెనక్కి వాలి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"సార్, మా అల్లుడుండాడే, వీనికి ఆడవాళ్ళంటే ఇష్టం. ముందు వీణ్ణి మార్చి చూపిస్తారా? వచ్చే వారానికి వీనికి మొగవాళ్ళ మీద మనసు పుడితే మీరిచ్చే మాత్రలన్నీ నేను నోరు మూసుకోని మింగుతాను."

డాక్టరు నవ్వలేదు. ఏదో రాసి నా చేతికిచ్చాడు. "వచ్చే వారం రండి. మార్పు వస్తుంది" అన్నాడు.

ప్రతిసారీ అదే మాట అనేవాడు. మామకు అది ఊతపదమైపోయింది. ఇంట్లో పులుసులో ఉప్పు తక్కువైతే, "వచ్చే వారం రండి, మార్పు వస్తుంది." అంగడిలో మా బట్టతో కుట్టించుకున్న ప్యాంటుకు జిప్పు పట్టడం లేదని వచ్చినవాడి పొట్ట మీద తట్టి, "వచ్చే వారం రాప్పా, మార్పు వస్తుంది." చివరికి బొమ్మతో కూడా అన్నాడు.

నవ్వుతూనే ఉన్నాడు కాబట్టి బాగానే ఉన్నాడని నాకు నేను చెప్పుకున్నాను. బాగా లేడు. ఆ మాత్రలతో పగలంతా మగతగా ఉండేవాడు. ఒకరోజు తిరుగుబండిలో కాఫీ తీసిస్తే కప్పు ఆయన చేతిలో నిలవలేదు. కాఫీ మోకాళ్ళ మీద ఒలికింది. రెండో చేత్తో పట్టుకోబోయాడు, ఆ చెయ్యి కూడా వణుకుతోంది. నేను చూశాను. చూసి, కిటికీ వైపు తిరిగాను. తర్వాతి వారం మళ్ళీ తీసుకుపోయాను. ఆ తర్వాతి వారమూ తీసుకుపోయాను.

ఈలోగా మా చెల్లెలికి వేమగల్‌లో మంచి సంబంధం కుదిరింది. పెళ్ళిరోజు పొద్దున, మామ ఇచ్చిన మాట ప్రకారం, ఆయన ఎంచిన చీరే. కుచ్చిళ్ళు కూడా ఆయనే పెట్టాలని చెల్లెలు పట్టుబట్టింది. నా నియమం ఆ రోజుకు పక్కన పెట్టక తప్పలేదు. ఆయన పౌడరు రాసుకుని వచ్చాడు. చీర చేతికి తీసుకున్నాడు. మొదటి కుచ్చి జారింది. మళ్ళీ పట్టాడు, మళ్ళీ జారింది. వేళ్ళు ఆగడం లేదు. గదిలో ఆడవాళ్ళంతా చూస్తున్నారు. "పట్టు కొత్తది, పొగరెక్కువ" అన్నాడు మామ. ఎవరూ నవ్వలేదు. ఆయన మాటకు ఆడవాళ్ళు నవ్వకపోవడం నేను అదే మొదలు చూడటం.

చెల్లెలు ఆయన చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది. ఇద్దరూ కలిసి ఒక్కొక్క కుచ్చీ పెట్టారు. అది పూర్తయ్యాక తలుపు దగ్గర నిలబడిన నా వైపు తిరిగింది.

"అన్నా, ఇంగ చాలు. మామను మళ్ళా ఆ డాక్టరు కాడికి తీసుకపోతానంటే ఇప్పుడే చెప్పు. నేను పీటల మీద కూచోను."

అమ్మ అక్కడే ఉంది. "వద్దులేమ్మా. ఇంగ యాడికీ పంపనులే" అని కండ్లు తుడుచుకుంది. అలా ఆ చికిత్స ఆగింది. ఆపినవాళ్ళలో నేను లేను.

చేతులు కుదుటపడటానికి చాలాకాలం పట్టింది. ఒకరోజు చీరల అర తాళాలు ఆయన ముందు పెట్టి, "ప్యాంట్ల దగ్గర కుర్రాణ్ణి పెట్టుకుందాం" అన్నాను. క్షమించమని అడగడం నాకు చేతకాక అలా అన్నాను. మామ తాళాలు తీసుకుని, "సరేలే. ఆ ప్యాంట్లు కూడా ఊపిరి పీల్చుకుంటాయి" అన్నాడు. కానీ ఒంటి మీద చీర వేసుకోకూడదన్న నియమాన్ని మాత్రం నేను నోరు తెరిచి ఎత్తెయ్యలేదు. నేను భోజనానికి ఇంటికి పోయినప్పుడు మామ వేసుకునేవాడు. తిరిగి వస్తుంటే ఆడవాళ్ళ నవ్వులు వీధిలోనే వినిపించేవి. నేను గుమ్మం బయట నిలబడి గట్టిగా దగ్గేవాణ్ణి. లోపలికి అడుగు పెట్టేసరికి చీర పరుపు మీద మడతలో ఉండేది. ఇద్దరం ఈ నాటకాన్ని ఏళ్ళకేళ్ళు ఆడాం. పెద్దమనిషి తరహా అనుకున్నాను నేను. ఒక్క మాట చెప్పి ఉంటే దగ్గే పని ఉండేది కాదు.

గనిలో యంత్రం నడిపే ఆయన మాత్రం, నేను మామను డాక్టరు దగ్గరికి తీసుకుపోయినప్పటి నుంచి, మళ్ళీ మా అంగడి మెట్లెక్కలేదు. గని మూతపడింది, ఆయన ముసలివాడయ్యాడు. అయినా సాయంత్రం ఎదుటి టీ అంగడి బెంచీ మీద కూర్చుని, మామ వచ్చేదాకా ఎదురు చూసేవాడు. మా గల్లా దగ్గర నుంచి ఆయన నాకు కనిపిస్తూనే ఉండేవాడు. ఒక్కరోజు కూడా లోపలికి రమ్మనలేదు నేను.

ఇలాంటి మనుషుల సాంగత్యం నేరం కాదని ఢిల్లీలో పెద్దకోర్టు తీర్పు చెప్పిన రోజు మామ మైసూర్‌పాక్ డబ్బాతో వచ్చాడు. ఏమిటి విశేషమని అడిగాను.

"ఈ పొద్దు నుంచి నేను నేరస్థుణ్ణి కాదంట అల్లుడా. ఇన్ని దినాలూ ఒక నేరస్థుణ్ణి పక్కన పెట్టుకోని అంగడి నడిపినావు. నీ ధైర్యం మెచ్చుకోవల్ల" అని నా నోట్లో ఒక ముక్క పెట్టాడు. ఇంకో ముక్క బొమ్మ అరచేతిలో పెట్టాడు. ఒక ముక్క కాగితంలో చుట్టి వీధి దాటాడు.

పోయిన ఏడాది ఆయన పోయాడు. ఎక్కువ బాధపడలేదు. ఆస్పత్రిలో చివరిరోజు కూడా పెండ్లి కుదిరిన నర్సమ్మను పిలిచి, "పెండ్లికి తెల్లచీర మాత్రం కట్టొద్దు తల్లీ, రోజూ అదే కదా" అన్నాడట. అంత్యక్రియల దగ్గర టీ అంగడి బెంచీ మీది ఆ పొడుగాయన అందరికీ వెనకాల నిలబడ్డాడు. ఎక్కడ నిలబెట్టాలో మాకు తెలియలేదు. చెల్లెలే చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకొచ్చింది.

చెల్లెలి కూతురు కోలారులో లాయరు. ఈమధ్య అంగడికి వచ్చి, ఎదురుగా కూర్చుంది. మా మామ ఆమెకు తాత వరస. ఇలా మనుషులను మార్చే చికిత్సలను ఆపడానికి ప్రత్యేకంగా చట్టం కావాలా వద్దా అని లాయర్లు ఒక చర్చ పెట్టుకున్నారట.

"మామా, తాత లేడు. తీసుకపోయినవాడివి నువ్వుండావు. వచ్చి చెప్తావా?"

"బజారంతా వింటుంది కదమ్మా."

"వినాలనే కదా మామా పిలిచేది."

మామ ఆ రోజు మా అమ్మ మాటకు తలొగ్గి ఉంటే ఈ పిల్ల పుట్టేదే కాదు. అది గుర్తొచ్చి నవ్వొచ్చింది. వస్తానన్నాను.

చర్చ జరిగిన హాలులో ఒక పెద్ద లాయరు లేచి, చట్టం అనవసరం అన్నాడు. "పొరుగు రాష్ట్రం హైకోర్టు వద్దని చెప్పేసింది. అట్లాంటి వైద్యం చేస్తే తప్పని డాక్టర్ల పైసంస్థ కూడా చెప్పింది. ఇంగ ఏముండాది? పైగా, వయసొచ్చిన మనిషి తన ఇష్టంతో సంతకం పెట్టి పోతే ఆపేదానికి మనమెవరు?" అన్నాడు. మా మేనకోడలు జవాబిచ్చింది. ఆ మాట డాక్టర్లకే వర్తిస్తుంది, డాక్టరు కాని వాళ్ళ సంగతేమిటి, బలవంతాన తోలుకుపోయే ఇంటివాళ్ళ సంగతేమిటి అంది. తర్వాత నా వైపు చూసింది.

లేచాను.

"మా మామ కూడా ఇష్టంతోనే సంతకం పెట్టినాడు సార్. ఆ పెన్ను నా జేబులోది. ఆ దినం మా అమ్మ అన్నం తినక మంచంలో ఉండాది. ఆయమ్మ తినాలని పెట్టినాడు ఆ సంతకం."

పెద్ద లాయరు గొంతు తగ్గించి, "మీరు చెడ్డ ఉద్దేశంతో చేసినారాప్పా?" అని అడిగాడు.

"లేదు సార్. మంచి ఉద్దేశంతోనే చేసినాను. అందుకే మొదట్లోనే ఎవరూ నన్ను ఆపలేదు. చట్టం ఉండుంటే ఆపుండేది."

ఆయన ఒప్పుకోలేదు. ఇంటి వ్యవహారంలోకి పోలీసులొస్తే ఇల్లు ఇల్లుగా ఉంటుందా అన్నాడు. అదీ ఆలోచించాల్సిన మాటే. చర్చ సాయంత్రం దాకా సాగి, తేలకుండానే ముగిసింది. మళ్ళీ ఒకసారి కూర్చుంటారట. నేను మాత్రం తిరిగి వచ్చిన మరునాడే బొమ్మను అటక ఎక్కించాను. చీర ఎవరైనా ఒంటి మీద వేసి చూపించవచ్చునని కుర్రాళ్ళతో చెప్పాను. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పాపం, వాళ్ళకు వేసుకోవడం రాదు. నేర్పగలిగినవాడు పోయాడు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం గుమ్మంలో నీడ పడింది. తల ఎత్తితే ఆ పొడుగాయన. చేతికర్రతో మెట్లెక్కి వచ్చి, పరుపు అంచున మెల్లగా కూర్చున్నాడు. నేను హాలులో మాట్లాడిన సంగతి విన్నట్టున్నాడు.

"తమ్ముడి మనవరాలికి పెండ్లి. ఒక చీర కావాలప్పా" అన్నాడు.

కుర్రాళ్ళు ముందుకు రాలేదు. నేను గల్లా దిగాను. చేతులకు పౌడరు రాసుకున్నాను. ముదురు నేరేడురంగు పట్టుచీర తీసి, నా పొట్ట మీద బెల్టులోకి దోపుకుని, కుచ్చిళ్ళు పెట్టబోయాను. ఒకటి వెడల్పు, ఒకటి సన్నం. మూడోది పెట్టేలోగా మొదటిది జారిపోయింది. పమిట భుజాన నిలవక మెడకు చుట్టుకుంది. ఏం చెయ్యాలో తెలియక, పెళ్ళికూతురి తల్లిలాగా చేతులు జోడించి నిలబడ్డాను.

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. కర్ర పక్కన పెట్టాడు. మామ పోయిన తర్వాత నవ్వని ఆ మనిషి, భుజాలు ఊగేలా నవ్వాడు. కండ్లు తుడుచుకుని, నా కుచ్చిళ్ళ వైపు వేలు చూపించాడు.

"వచ్చే వారం వస్తానప్పా" అన్నాడు. "మార్పు వస్తుంది."